కుర్రాళ్లు మనవాళ్లే – మరి ఆడపిల్లలు ఎవరివాళ్లు?

దళితవాడల్లో కుర్రాళ్ల ఆగడాల గురించి మన పత్రికల్లో రాయం. మన సభల్లో మాట్లాడం. మాట్లాడితే ఊరివాళ్ల చేతికి మనమే కర్ర అందించినట్టవుతుందని భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను. కానీ మనం నోరు కట్టేసుకున్నంత మాత్రాన వాడలో గొడవ ఆగిందా? పెరిగింది. కాబట్టి మన పత్రికలో మనమే, మన మధ్య మనమే, ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం.

ఏ వాడకైనా పోయి చూడండి. చీకటి పడేసరికి కమ్యూనిటీ హాలు అరుగు నిండిపోతుంది. పదహారేళ్లవాడి నుంచి పాతికేళ్లవాడి దాకా ఉంటారు. ఒకడి చేతిలో సీసా, ఒకడి చేతిలో గంజాయి నింపిన సిగరెట్టు. కొన్నిచోట్ల అంబేద్కర్ బొమ్మ గద్దె మీదే గ్లాసులు పెడుతున్నారు. సైలెన్సరు పీకేసిన మోటారు సైకిలు అర్ధరాత్రి సందులో నాలుగుసార్లు తిరుగుద్ది. బాలింత పక్కలో బిడ్డ ఉలిక్కిపడి లేస్తది. ముసలమ్మ పింఛను తెచ్చుకుంటే మనవడు లాక్కుని పోతాడు. కోళ్లు పోతాయి, సెల్లు పోద్ది, మోటారు వైరు పోద్ది. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్ల ఆ అరుగు దాటాలంటే తల దించుకుని పరుగెత్తాలి. ఫోటో తీసి పాట కలిపి ఫోన్లో పెడతారు. ఆ పిల్ల ఏం తప్పు చేసిందని ఇంట్లో వాళ్లు మళ్లీ ఆ పిల్లనే కొడతారు.

నేను బడిపంతుల్ని. సోమవారం పొద్దున బడి తలుపు తీస్తే వరండా నిండా గాజు పెంకులు ఉంటాయి. ఆ వరండాలో చెప్పుల్లేకుండా తిరిగేది ఎవరు? రెండో తరగతి, మూడో తరగతి మన పిల్లలే. పగలగొట్టింది ఎవరు? నాలుగేళ్ల కిందట అదే వరండాలో కూర్చుని ఎక్కాలు చెప్పిన మన పిల్లలే. పెద్ద కులాల పిల్లలు కాన్వెంటు బస్సెక్కి పోయారు. ఆ గాజు వాళ్ల కాళ్లకు గుచ్చుకోదు.

ఇదీ అసలు సంగతి. మన కుర్రాళ్ల ఆగడానికి నలిగేది మనవాళ్లే. మన ఆడపిల్లలు, మన ముసలివాళ్లు, మన పసిపిల్లలు. కుర్రాళ్లను కాపాడుకోవాలని మనం మౌనంగా ఉంటున్నాం. ఆ మౌనానికి ఖరీదు కట్టేది మాత్రం ఆడపిల్లలు.

మన భయానికి కారణం ఉంది

ఎందుకు మౌనంగా ఉంటున్నాం? ఊరు మనవాళ్లను రౌడీలనడం ఇవాళ కొత్త కాదు. మనవాడు తలెత్తిన ప్రతిసారీ ఆ మాట అన్నారు.

కారంచేడులో ఏం జరిగింది? మాదిగపల్లె మంచినీళ్ల చెరువులో గేదెల కుడితి బాల్చీ కడుగుతుంటే ఇదేం పనని మన కుర్రాడు అడిగాడు. నీళ్లకొచ్చిన మన ఆడమనిషి బిందె ఎత్తింది. అంతే. 1985 జూలై 17న ఊరు ఊరంతా కత్తులతో వచ్చి పడింది. ఆరుగురు మనవాళ్లు చచ్చిపోయారు. చుండూరులో ఏం జరిగింది? 1991 జూలైలో సినిమా హాల్లో మన కుర్రాడి కాలు ముందు సీట్లో పెద్ద కులపోడికి తగిలింది. నెల తిరగ్గానే, ఆగస్టు 6న, ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కారు. కాలు తగలడం రౌడీతనమైంది, నరకడం పౌరుషమైంది. ఆ కేసులో 2007లో కింది కోర్టు శిక్ష వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న ప్రణయ్‌ని ఆసుపత్రి గుమ్మంలో నరికారు. చేసిన నేరం పెద్ద కులం పిల్లను పెళ్లాడటం. 1996 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో మన కుర్రాళ్లకు గుండు గీశారు. ఆ కేసులో శిక్ష వేయడానికి కోర్టుకు 2024 ఏప్రిల్ దాకా పట్టింది. అదే జిల్లా సీతానగరంలో 2020 జూలైలో ఇసుక లారీని అడ్డుకున్న మన కుర్రాడికి ఏకంగా పోలీసు స్టేషన్లోనే గుండు గీశారు.

ఇంకా వెనక్కి పోతే, 1871లో తెల్లవాళ్లు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. కొన్ని కులాల్లో పుట్టినవాళ్లందర్నీ పుట్టుకతోనే దొంగలని రాసేశారు. మన ఎరుకల వాళ్లను స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. ఆ చట్టం 1952లో పోయింది. ఆ చూపు పోయిందా? మూడు ఊళ్ల అవతల దొంగతనం జరిగినా జీపు ముందు మన సందులోకే వస్తుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఎస్సీలు నూటికి 16.6 మంది. ప్రభుత్వం వేసే జైలు లెక్కల్లో విచారణ ఖైదీల్లో మనవాళ్లు ఐదో వంతు దాకా ఉంటున్నారు.

అందుకే మన తల్లులు ఒకటే మాట నేర్చుకున్నారు. "మావోడు అట్టాంటోడు కాదు మేస్టారూ." ఆ మాట తప్పని నేననను. పోలీసు ముందు, ఊరి పెద్దల ముందు ఆ మాటే మనల్ని కాపాడింది. కానీ పక్కింటి ఆడపిల్ల ఏడుస్తూ వచ్చి నిలబడ్డప్పుడు కూడా అదే మాట అంటే ఎలా?

రెండూ ఒకటి కాదు

ఇక్కడ మనం ఒక తేడా చూడాలి. ఆ తేడా చూడకపోవడం వల్లే ఇంత గందరగోళం.

మన కుర్రాడు జుట్టుకు రంగేస్తాడు. చిరిగిన ప్యాంటు తొడుగుతాడు. కిస్తీల మీద బండి కొంటాడు. పెద్ద కులపోడి ఇంటి ముందు నుంచి దిగకుండా నడుపుకుంటూ పోతాడు. రచ్చబండ మీద కూర్చుంటాడు. వాట్సాప్‌లో జై భీమ్ అని పెడతాడు. ఇవన్నీ ఊరికి పొగరు. మనకు ఇందులో తప్పేం లేదు. మన తాతలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన వీధి అది. అక్కడ మనవడు హారన్ కొడితే నేను సంతోషిస్తాను. ఇలాంటి విషయాల్లో మన పెద్దలు కూడా "ఎందుకురా గొడవ, అణిగి ఉండండి" అంటే వాళ్లను కూడా ఎదిరించాలి.

కానీ మన అక్క కూతురి చెయ్యి పట్టుకుని లాగడం తలెత్తడం ఎలా అవుతుంది? ముసలమ్మ పింఛను లాక్కోవడం పోరాటం ఎలా అవుతుంది? బడి కుళాయి విరగ్గొడితే ఏ పెత్తందారు గుండెలో గుచ్చుకుంది? పెత్తందారు ఇంటి ముందు నోరెత్తనివాడు మన సందులో మన ఆడవాళ్ల మీద మీసం తిప్పుతుంటే అది ఆత్మగౌరవం అని మనం అనకూడదు. ఊరు రెంటినీ కలిపి రౌడీతనం అంటుంది. మనం రెంటినీ కలిపి కుర్రతనం అంటున్నాం. ఇద్దరం తప్పే.

ఇంకో సంగతి కార్యకర్తలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మన చేతిలో 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. కొట్లాడి తెచ్చుకున్న చట్టం. కానీ అది పైకులం వాడు మన మీద చేసిన నేరానికే వర్తిస్తుంది. మన పిల్లను మనవాడే ఏడిపిస్తే ఆ చట్టం పనికిరాదు. అంటే ఊరివాడు చెయ్యి వేస్తే ఆ పిల్ల వెనక ఉద్యమం ఉంటుంది, ధర్నా ఉంటుంది, కరపత్రం ఉంటుంది. వాడలోవాడే వేస్తే ఆ పిల్ల ఒంటరిది. ఉద్యమం లేదు, పెద్దలు లేరు, "పరువు పోద్ది ఊరుకో" అనేవాళ్లే ఉన్నారు.

అప్పుడేమవుతుంది? తొమ్మిదో తరగతి పిల్ల వారం రోజులు బడికి రాదు. ఇంటికెళ్లి అడిగితే "బయట కుర్రోళ్ల గోల మేస్టారూ, సంబంధం చూస్తన్నాం, పెళ్లి చేసేస్తే మా బరువు దిగుద్ది" అంటారు. పద్నాలుగేళ్ల పిల్ల అది. అరుగు మీద కూర్చున్న ఆరుగురు ఒక పిల్ల చదువు ఆపేశారు. ఇది ఏ ఎఫ్ఐఆర్‌లోనూ రాదు. 1942లో నాగపూరు మహిళా సభలో బాబాసాహెబు ఒక జాతి ఎంత ముందుకెళ్లిందో ఆ జాతి ఆడవాళ్లు ఎంత ముందుకెళ్లారన్నదాన్ని బట్టే కొలుస్తానన్నారు. ఆ కొలత పెట్టి మన వాడను కొలవండి.

వాడిని అరుగు మీద కూర్చోబెట్టింది ఎవరు?

కుర్రాడు తల్లి కడుపులోంచి సీసాతో పుట్టలేదు. వాడి చరిత్ర బడిలో ఉన్నవాణ్ణి గనక నాకు తెలుసు. పదో తరగతి దాకా నెట్టుకొస్తాడు. లెక్కల్లోనో ఇంగ్లీషులోనో పోద్ది. మళ్లీ కట్టమని చెప్పేవాడు ఇంట్లో ఉండడు, ఎందుకంటే ఆ ఇంట్లో పరీక్ష రాసిన మొదటివాడు వాడే. కాలేజీకెళ్లినవాడి సంగతి ఇంకోటి. ఫీజు రీయింబర్సుమెంటు సర్కారు ఏళ్లతరబడి ఇవ్వదు, ఇవ్వలేదని కాలేజీ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకుంటుంది. డిగ్రీ చదివీ చేతిలో కాగితం లేనివాడు ఎక్కడికి పోవాలి? తండ్రితోపాటు చేలోకి దిగుదామంటే నాట్లకు, కోతలకు మిషన్లు వచ్చాయి. ఉన్న పని ఏడాదిలో కొద్దిరోజులు. మిగతా రోజులు క్యాటరింగు, డీజే బాక్సులు మోయడం, ఫ్లెక్సీలు కట్టడం.

ఆ ఫ్లెక్సీలు ఎవరివి? అది అడగాలి. ఎన్నికలొస్తే అన్ని పార్టీల నాయకులకూ మన అరుగు గుర్తొస్తుంది. బిర్యానీ పొట్లం, ఐదు వందల నోటు, బండికి పెట్రోలు, రాత్రికి మందు. జెండా కర్ర ఇచ్చి ముందు నడిపిస్తారు. అవతల పార్టీకీ అలాగే మన పక్క వాడ కుర్రాళ్లు దొరుకుతారు. పెద్దోళ్ల గొడవలో కర్రలు మనవి, తలకాయలూ మనవే. ఎన్నికయ్యాక వాళ్లిద్దరూ ఒక పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. కేసుల్లో వాయిదాలకు తిరిగేది మన కుర్రాళ్లు. ఆ కేసుల మీద రౌడీ షీటు తెరుస్తారు. పని చేయించుకున్నవాడు ఎమ్మెల్యే, చేసినవాడు రౌడీ.

తాగుడు సంగతి చెప్పాలా? సర్కారుకు సారా ఆదాయం కావాలి. ఆంధ్రాలో 2024 అక్టోబరు నుంచి మద్యం దుకాణాలు మళ్లీ ప్రైవేటు వాళ్లకు ఇచ్చారు, 99 రూపాయలకే క్వార్టరు అని గొప్పగా చెప్పుకున్నారు. బియ్యానికి క్యూ కట్టాలి, పింఛనుకు కాయితాలు చూపించాలి, బెల్టు షాపుకు మాత్రం అర్ధరాత్రి తలుపు కొడితే చాలు. గంజాయి ఆంధ్రా ఒరిస్సా సరిహద్దు కొండల నుంచి వస్తుంది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. అక్కడ జైలుకు పోయింది మొక్క నాటిన గిరిజనుడు, మూట మోసిన గిరిజన కుర్రాడు. ఇక్కడ జైలుకు పోయేది పొట్లం అమ్మిన మన కుర్రాడు. మధ్యలో లారీ నడిపించి కోట్లు గడించినవాడి ముఖం ఎన్నిసార్లు చూశాం?

ఇవన్నీ చెబుతున్నది కుర్రాణ్ణి వెనకేసుకురావడానికి కాదు. అరుగు మీద కూర్చున్న ప్రతివాడికీ అదే కష్టం ఉన్న చెల్లెలు ఇంట్లో ఉంది. ఆ పిల్ల ఎవరినీ ఏడిపించడం లేదు. కష్టం తప్పుకు కారణం కావచ్చు గానీ తప్పును ఒప్పు చేయదు. కారణం తెలిస్తే ఎక్కడ పట్టుకోవాలో తెలుస్తుంది. అందుకు చెబుతున్నాను.

స్టేషనుకు అప్పజెబితే సరిపోద్దా?

కొందరు ఉద్యోగస్తులు, టౌనుకెళ్లి స్థిరపడినవాళ్లు, సెలవులకు వాడకొచ్చి అంటారు: "నలుగుర్ని లోపలేయిస్తే అందరూ దారికొస్తారు." అది తేలిక మాట. లోపలికెళ్లినవాడు ఎలా తిరిగొస్తాడో చూశారా? చిన్న దొంగ వెళ్లి పెద్ద దొంగల స్నేహం పట్టుకుని వస్తాడు. రౌడీ షీటు అనేది కోర్టు వేసే శిక్ష కాదు, పోలీసులు తమ స్టాండింగ్ ఆర్డర్ల కింద తెరిచే నిఘా దస్త్రం. ఒకసారి పేరెక్కితే పండగొచ్చినా ఎన్నికొచ్చినా స్టేషన్ గుమ్మంలో కూర్చోవాలి. ఉద్యోగానికి విచారణ వచ్చినప్పుడు అదే అడ్డం.

చట్టం ఏమంటుందో ముందు మనం తెలుసుకోవాలి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందు నిలబెట్టాలి. చిన్న తప్పులకు మామూలుగా ఎఫ్ఐఆర్ కూడా వేయకూడదు, కుర్రాడి ఇంటి పరిస్థితి విచారించి నివేదిక పంపాలి. ఆ కుర్రాడి పేరు, ఫోటో పేపర్లోనో ఫోన్లోనో పెడితే పెట్టినవాడిదే నేరం. మరీ ఘోర నేరమైతే పదహారేళ్లు నిండినవాణ్ణి పెద్దవాడిలాగా విచారించే వీలుంది, అది మండలి తేల్చాలి. మనవాళ్లకు ఇది తెలియదు గనక ఎస్సై ఏది చెబితే అదే చట్టమైపోతోంది.

గంజాయి చట్టం కుర్రాళ్లకే చెప్పాలి. కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు. కిలో దాటితే పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గదు, ఇరవై దాకా పోవచ్చు, బెయిలు రావడమూ గగనమే. "ఈ సంచి ఫలానా చోట దించి రా, రెండు వేలిస్తా" అన్నవాడు ఆ మాట చెప్పడు. సంచిలో ఎన్ని కిలోలుందో మోసినవాడికి తెలియదు. కానీ అదే చట్టంలో 64ఎ అని ఇంకో సెక్షన్ ఉంది. అలవాటు పడినవాడు, తాగినందుకో కొద్దిగా దగ్గర ఉంచుకున్నందుకో కేసు పడితే, తానుగా ముందుకొచ్చి సర్కారు గుర్తించిన కేంద్రంలో పూర్తిగా వైద్యం చేయించుకుంటే ఆ నేరానికి శిక్ష నుంచి బయటపడే దారి ఉంది. ఎంతమంది తల్లులకు ఈ సంగతి ఎవరైనా చెప్పారు?

మరి ఏం చేద్దాం?

మొదటిది. వాడ కూర్చోవాలి. కానీ పాత కులపెద్దల పంచాయితీలాగా కాదు. మగవాళ్లు మంచాల మీద, ఆడవాళ్లు గోడ పక్కన నిలబడి వినడం కాదు. మొదటి మాట ఆడవాళ్లది. ఏ సందులో భయం, ఏ లైటు వెలగదు, ఏ టైములో పిల్లలు దాటలేకపోతున్నారు అన్నది వాళ్లే చెప్పాలి. ఆడపిల్లలు పదిమందిలో చెప్పలేరు. అంగన్‌వాడీ టీచరో, డ్వాక్రా లీడరో, నర్సమ్మో విడిగా కూర్చోబెట్టి అడగాలి. కుర్రాళ్లనూ పిలవాలి. ముద్దాయిలుగా కాదు, వాడ మనుషులుగా.

రెండోది. ఆ కూటంలో మూడు గీతలు గీసుకోవాలి. వేషం, జుట్టు, పాట, బండి – వీటి జోలికి ఎవరూ పోకూడదు. సీసాలు పగలగొట్టడం, అర్ధరాత్రి మోత, కుళాయి విరవడం – చేసినవాడే బాగుచేయాలి. గాజు ఊడ్చాలి, కుళాయి బిగించాలి, అందరూ చూస్తుండగా. ఆడపిల్ల మీద చెయ్యి వేయడం, కత్తి తీయడం, గంజాయి అమ్మడం – ఇక్కడ రాజీ లేదు, చట్టానికే పోవాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్ల మీద లైంగిక దాడి జరిగితే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసి దాచినవాడు కూడా నేరస్తుడే. లక్ష ఇప్పించి కాగితం రాయించే పెద్దమనుషులు ఇది చెవిన పెట్టుకోవాలి.

చెట్టుకు కట్టి కొట్టడం, గుండు గీయడం, వాడ నుంచి వెలేయడం – ఇవి మన మీద ఊరు చేసిన పనులు. అవి మన చేతులతో మన పిల్లలకు చేయకూడదు. తప్పు కట్టించుకుని ఆ డబ్బుతో పెద్దలు తాగడం అసలే కూడదు. అరుగు మీద కుర్రాళ్లు దాన్ని చూస్తూనే పెరిగారు.

మూడోది. తాగేవాడితో ఆగకుండా అమ్మేవాడి దాకా పోవాలి. దూబగుంట మనకు దూరం కాదు. నెల్లూరు జిల్లాలో 1992 ప్రాంతంలో అక్షరదీపం రాత్రి బడుల్లో చదువు నేర్చిన కూలి ఆడవాళ్లు, వాళ్లలో మనవాళ్లెందరో, సారా కొట్లు మూయించారు, సారా బండ్లు వెనక్కి తిప్పారు, వేలం పాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా పోయింది. 1995 జనవరిలో పూర్తి నిషేధం వచ్చింది. 1997లో సర్కారు దాన్ని ఎత్తేసింది. ఎత్తేసింది సర్కారు, ఓడింది ఆడవాళ్లు కాదు. ఇవాళ మన వాడలో బెల్టు షాపు ఎవరింట్లో ఉందో అందరికీ తెలుసు. ఒక్కొక్కసారి అది మన పార్టీ కార్యకర్త ఇల్లే. ముందు అక్కడికి పోదాం. గంజాయి అమ్మేవాడి సంగతి ఆంధ్రాలో 1972కి, తెలంగాణలో 1908కి ఫోన్ చేసి చెప్పొచ్చు.

నాలుగోది. అరుగు ఖాళీ చేయమంటే సరిపోదు, వాళ్లు పోయి కూర్చోడానికి ఇంకో చోటు చూపించాలి. కమ్యూనిటీ హాలు తాళం సర్పంచి జేబులో ఎందుకుండాలి? సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా అక్కడ లైటు, ఫ్యాను, నాలుగు పేపర్లు, పోటీ పరీక్షల పుస్తకాలు ఉంటే పదిమందిలో ముగ్గురైనా లోపలికొస్తారు. పది తప్పినవాడి చేత ఓపెన్ స్కూలు ఫీజు కట్టించాలి. వాలీబాల్ నెట్టు కట్టడానికి ఎమ్మెల్యే నిధులు అక్కర్లేదు. ఏప్రిల్ 14న డీజే పెట్టి తాగి ఊగే కుర్రాళ్లకే ఆ రోజు లెక్కలు అప్పజెప్పండి, చందా పుస్తకం చేతికివ్వండి. బాధ్యత చేతికొస్తే నడక మారేవాళ్లను బడిలో రోజూ చూస్తాను. మనలో ఉద్యోగాలొచ్చినవాళ్లు నెలకొక ఆదివారం వాడకొచ్చి పది మంది పిల్లలకు పాఠం చెప్పినా చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఐదోది. ప్రతి వాడలో ముగ్గురు, అందులో ఒక ఆడమనిషి తప్పనిసరిగా, స్టేషనుకు తోడెళ్లేవాళ్లు ఉండాలి. ఏడిపించబడిన పిల్ల తల్లితో వెళ్లి కేసు కట్టించేదీ వాళ్లే. అన్యాయంగా పట్టుకుపోయిన కుర్రాడి తల్లితో వెళ్లి వయసు కాగితం చూపించేదీ వాళ్లే. ఒక పని చేసి రెండోది వదిలేస్తే వాడ నమ్మదు. ఎస్సీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది, 15100కి ఫోన్ చేస్తే చాలు. మత్తు మానాలనుకునేవాడికి 14446 ఉంది, మనసు బాగోలేనివాడికి 14416, పిల్లలకు 1098. ఈ నంబర్లు బడి గోడ మీద, చర్చి గోడ మీద, అంబేద్కర్ బొమ్మ గద్దె మీద రంగుతో రాయండి.

"ఇది సంస్కరణ కదా మేస్టారూ" అంటే

మన కార్యకర్తల్లోనే కొందరంటారు: భూమి కోసం, ఉద్యోగాల కోసం, రాజ్యాధికారం కోసం కొట్లాడాల్సినవాళ్లం, కుర్రాళ్ల తాగుడు దగ్గర కూర్చుంటే ఉద్యమం పక్కదారి పట్టదా అని. నేనొకటి అడుగుతాను. భూమి పోరాటానికి జెండా పట్టేది ఎవరు? ఆ కుర్రాళ్లే కదా. ఇవాళ వాళ్లు ఎవరి జెండా పడుతున్నారో చూశాం.

హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు, 1911లో మాన్యసంఘం పెట్టినప్పుడు ఏం చేశారు? మన పిల్లలకు బడులు పెట్టారు. తాగుడు మానమని వాడవాడా తిరిగారు. జోగిని ఆచారం మీద, బాల్య వివాహాల మీద కొట్లాడారు. అవి చేస్తూనే 1917లో బెజవాడ సభలో మనం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని పేరు మార్చి నిలబెట్టారు. వాడను బాగుచేయడం ఒకటి, ఊరిని ఎదిరించడం ఇంకోటి అని ఆయన విడదీయలేదు. పెద్ద కులాల మెప్పు కోసం శుభ్రపడమని ఎవరన్నా అంటే వినక్కర్లేదు. మన ఆడపిల్ల మన సందులో తలెత్తి నడవాలి, అందుకోసం మనమే మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. ఇదీ పోరాటమే.

కుర్రాళ్లకు కూడా రెండు మాటలు. నాయనా, ఊరు నిన్ను రౌడీ అంటే మేం నీ వెనక నిలబడతాం. స్టేషన్లో నిన్ను కొడితే మేం ధర్నా చేస్తాం. కానీ మన పిల్ల నిన్ను చూసి భయపడి దారి మార్చుకుంటే, ఆ రోజు మేం ఆ పిల్ల పక్కన నిలబడతాం. ఇది ముందే తెలుసుకో.

పెద్దలకూ అదే చెబుతున్నాను. వచ్చే పక్షంలోగా మీ వాడలో ఒక్క కూటం పెట్టండి. ఆడవాళ్లు మొదట మాట్లాడిన కూటం. ఏం తేలిందో ఈ పత్రికకు ఒక కార్డు ముక్క రాయండి.

జై భీమ్.

– ఒక బడిపంతులు